ఫారంలో లేని గడి

మార్చి 11

గుండోడా,

అని రాసి చాలాసేపు ఊరుకున్నాను. నువ్వు చదవవు. చదివే వయసు వచ్చినా నా రాత చూసి పకపకా నవ్వేవాడివి. నేను ఐదో తరగతి దాకానే చదివాను. ఒత్తులు తప్పుతాయి. అందుకని నీకు రాయను. ఎవరికీ రాయను. ఊరికే రాస్తాను.

ఈ నోటుబుక్కు నర్సమ్మ ఇచ్చింది. ఇలా పసిపిల్లలు పోయిన ఇళ్లకు వెళ్లి రావడమే ఆవిడ డ్యూటీ. భుజాన ఇంత సంచి వేసుకుని తిరుగుతుంది. మా అత్త ఆవిడకు సంచి నర్సు అని పేరు పెట్టేసింది. మాట రాకపోతే రాయమ్మా, తేదీ వేసి ఒక్క ముక్క రాసినా చాలు అంది. ఏం రాయాలి అని అడిగాను. అది నాకెలా తెలుస్తుంది తల్లీ అంది.

ఏం జరిగిందో రాస్తాను. మార్చి 3, మంగళవారం. వాడికి మూడు నెలల పదకొండు రోజులు. మధ్యాహ్నం ఒంటిగంటకు వాళ్ల నాన్న పడుకోబెట్టాడు. ఒకటిన్నరకు నేను లాండ్రీ నుంచి వచ్చాను. ఆయన బస్సు డ్యూటీకి వెళ్లిపోయాడు. మా అత్త ఆ రోజు ఇంట్లో లేదు. రెండుంబావుకు నేను వాడిని ఎత్తుకున్నాను. అప్పటికే లేడు.

జ్వరం లేదు. దగ్గు లేదు. ఏడవను కూడా లేదు. ఆ పొద్దున్నే నా భుజం మీద పాలు కక్కి, ఏదో ఘనకార్యం చేసినట్టు నవ్వాడు. ఆస్పత్రిలో డాక్టరు ఎందుకో ఇప్పుడే చెప్పలేం అన్నాడు.

ఎందుకో.

మార్చి 11, సాయంత్రం

పొద్దున్న ఒకటి రాయలేదు. ఆస్పత్రి నుంచి ఖాళీ చేతులతో ఇంటికి వచ్చాక నేను చేసిన మొదటి పని ఏమిటంటే, వాడి దుప్పటి, చొక్కాలు, టోపీ అన్నీ ఉతికేశాను. ఆరేశాను. ఇస్త్రీ చేశాను. మూలకు మూల కలిపి మడతపెట్టాను. పన్నెండేళ్ల నుంచి లాండ్రీలో చేస్తున్నాను. మాసిన గుడ్డ కనబడితే నా చేతులు నన్నడగవు.

ఇప్పుడు ఆ బట్టల్లో వాడి వాసన లేదు. హోటలు దుప్పట్ల వాసన వస్తోంది.

మార్చి 12

పాలు ఇంకా వస్తున్నాయి. వాటికి ఎవరు చెబుతారు.

మార్చి 13, శుక్రవారం

సంచి నర్సుతో ఒక ఆఫీసరు వచ్చాడు. ఏ కారణమూ తెలియకుండా పసిబిడ్డ పోతే ఇల్లు చూసి ఫారం నింపాలట. అందరి ఇళ్లలోనూ చేస్తారట. నర్సు నాతో మూడుసార్లు చెప్పింది, ఇది నిన్ను పట్టుకోవడానికి కాదమ్మా, ఏమైందో తెలుసుకోవడానికి అని. మూడుసార్లు చెప్పేసరికి నాకు భయమేసింది.

ఆయన పెట్టెలోంచి ఒక గుడ్డ బొమ్మ తీశాడు. పసిపిల్లల బరువే ఉంటుంది. దీన్ని ఆ రోజు బాబును పడుకోబెట్టినట్టు పడుకోబెట్టండి అన్నాడు. ఆ రోజు పడుకోబెట్టింది మా ఆయన కాబట్టి ఆయనే చెయ్యాలి. ఆయన బొమ్మను అందుకున్నాడు. చిన్న మంచం దాకా వెళ్లాడు. వంగాడు. పడుకోబెట్టలేదు. భుజాన వేసుకుని వీపు నిమరడం మొదలుపెట్టాడు. ఆఫీసరు పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. నర్సు కిటికీలోంచి బయటకు చూసింది. ఎంతసేపో తెలియదు. చివరికి వెల్లకిలా పడుకోబెట్టాడు. పక్కన దిండు లేదు, బొమ్మలు లేవు. మొహం మీద ఏమీ లేదు. ఆ రోజూ అంతే.

తరవాత నా వంతు. మీకు ఎలా కనబడ్డాడో చూపించండి అన్నాడు. నేను బొమ్మను ముట్టుకోలేదు. ఇలాగే ఉన్నాడు, కదలలేదు అన్నాను.

దుప్పటి ఇవ్వండి, తీసుకెళ్లాలి అన్నాడు. ఉతికేశాను అన్నాను. పెన్ను ఆగిపోయింది. ఎందుకు ఉతికారు అన్నాడు. మా అత్త గుమ్మంలోంచి అందుకుంది, మా కోడలు చేసేది ఆ పనేనయ్యా, నిద్రలో కూడా దిండు గలీబులు మడతపెడుతుంది, నువ్వు నిద్రలో ఫారాలు నింపవూ అని. ఆఫీసరుకు నవ్వాలో వద్దో తెలియలేదు. నాకూ తెలియలేదు.

ఆ టైములో ఇంట్లో ఉన్న పెద్దవాళ్లు మేలుకుని ఉన్నారా, నిద్రపోతున్నారా అని రెండు గళ్లు ఉన్నాయి. మేలుకునే ఉన్నాను అన్నాను. టిక్కు పెట్టాడు. పేజీ తిప్పాడు. అంతే.

మార్చి 15

అందరికీ కారణం తెలుసు. మాకే తెలియదు.

కిటికీ గాలి అని పక్కింటి పెద్దావిడ అంది. కొత్త పెయింటు వాసన అని మేడ మీద అద్దెకుండే అతను. కింద షాపు టైలరు పిల్లి ఊపిరి తీసేస్తుందని ఎక్కడో విన్నాడట. మా ఇంట్లో పిల్లి లేదు. వీధిలో పిల్లి కూడా గాలి ద్వారా తీయగలదు అన్నాడు. మా అత్త చెప్పు తీసినంత పని చేసింది. నడుం కొలత సరిగ్గా తీయడం చేతకాదు గానీ ఊపిరి లెక్కలు చెబుతావా, నాకు కుట్టిన జాకెట్టు ఇప్పటికీ బిగుతే అని కేకలేసింది. వాడు షట్టరు దించేశాడు.

మెట్లెక్కి వచ్చాక ఆవిడే నాతో, మూడు నెలలకే పనిలోకి పోకే అని నేను చెప్పలేదూ అంది. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తరవాత కూర్చుని ఏడ్చింది. నేను ఆవిడ తల నిమిరాను. ఎవరు ఎవరిని ఓదార్చాలో ఈ ఇంట్లో ఎవరికీ తెలియడం లేదు.

మా ఆయన నా మొహం చూడటం లేదు. పదమూడు రోజులు.

మార్చి 19

పనిలోకి వెళ్లాను. ఇంట్లో ఏం చెయ్యాలో తెలియక.

ఇస్త్రీ రోలర్‌లోకి దుప్పటి పెట్టాలంటే ఇద్దరుండాలి. చెరో రెండు మూలలు పట్టుకుని లాగి, ఒక్కసారి అందించాలి. నా జోడీ రేడియో. పేరేదైనా, దాన్ని అందరూ రేడియో అనే అంటారు, నోరు మూయదు గనక. ఇవాళ నలభై దుప్పట్ల దాకా ఒక్క మాట లేదు. నాకే భయమేసింది. ఏమిటే స్టేషను పట్టలేదా అన్నాను. అంతే, విప్పిన కుళాయిలా మొదలుపెట్టింది. ఏడ్వకు అక్కా, వయసుంది, ఏడాది తిరిగేసరికి మళ్లీ వాడే పుడతాడు అంది.

నా చేతిలో మూల జారింది. దుప్పటి వంకరగా వెళ్లి రోలర్‌లో ఇరుక్కుంది. సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చాడు. ఎప్పుడూ గోడ గడియారం కేసే చూస్తాడని ఆయన్ని గడియారం అంటాం. ఎవత్తే అది అని అరిచి, నన్ను చూశాడు. మొహం మారిపోయింది. అరిచింది అరిచాడు కదా, ఆ కోపం ఎక్కడో అక్కడ పెట్టాలి. మిషను మీద పెట్టాడు. దిక్కుమాలిన మిషను, దీని పళ్లు రాలగొట్టాలి అన్నాడు.

వాడే పుడతాడు అంటే ఏమిటి? అయితే వీడెక్కడికి వెళ్లినట్టు?

మార్చి 20, మధ్యాహ్నం రెండు

ఎవరికీ చెప్పనిది రాస్తాను.

అందరికీ దుప్పటి సంగతి చెబుతున్నాను. నేను ఉతికాను, నేను తప్పు చేశాను అని నర్సుకు, అత్తకు, రేడియోకు, అడిగిన వాళ్లకు, అడగని వాళ్లకు. అది చెబితే అసలుది చెప్పక్కర్లేదు కదా.

ఆ రోజు ఒకటిన్నరకు వచ్చాను. గుమ్మంలోంచే వాడిని చూశాను. దగ్గరికి వెళితే లేస్తాడని చెప్పులు చేత్తో పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. తెల్లారి ఐదు నుంచి పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ లేదు. కడుపులో పేగులు అరుస్తున్నాయి. కంచం పెట్టుకుని కూర్చున్నాను. వాడు పుట్టాక కూర్చుని తిన్నది లేదు. ఒక చేత్తో వాడు, ఒక చేత్తో ముద్ద. ఆ రోజు రెండు చేతులూ ఖాళీ. వేడివేడిగా, నెమ్మదిగా తిన్నాను. ఎంత హాయిగా ఉందో. రెండోసారి వడ్డించుకున్నాను.

ఇంకాసేపు లేవకపోతే బావుణ్ను అనుకున్నాను.

అనుకున్నాను.

అప్పటి నుంచి ముద్ద దిగడం లేదు. ఇంట్లో వాళ్లతో ముందే తిన్నానంటాను. పనిలో ఇంట్లో తిన్నానంటాను. మంచినీళ్లు, టీ, ఎప్పుడైనా టీలో ముంచిన బిస్కెట్టు ముక్క. నిన్న రోలర్ దగ్గర కళ్లు తిరిగాయి. వేడికి అన్నాను.

మార్చి 24

సంచి నర్సు రిపోర్టు సంగతి చెప్పడానికి వచ్చింది. డాక్టర్లు అన్నీ చూశారట. గుండె, ఊపిరితిత్తులు, రక్తం. ఇల్లు చూసిన ఫారం కూడా చదివారట. ఏ కారణమూ కనబడలేదు. దీనికి ఒక పేరుంది, ఇంగ్లీషు పేరు, నాలుగు అక్షరాలు. ఏడాది లోపు పిల్లలు నిద్రలో ఇలా పోవడం అని అర్థమట. పేరుంది గానీ కారణం లేదు. కారణం ఉంటే ఈ పేరు పెట్టరట.

మళ్లీ చెప్పండి అన్నాను. మళ్లీ చెప్పింది. వెల్లకిలా పడుకోబెట్టారు, గట్టి పరుపు, మొహం మీద ఏమీ లేదు, మేం తల్లులకు ఏం చెబుతామో అన్నీ మీరు చేశారు అంది. అన్నీ చేస్తే మరి ఎందుకు పోయాడు అన్నాను. అలా చేస్తే ముప్పు తగ్గుతుంది, పూర్తిగా పోదు, అంతవరకే మాకు తెలుసు, మిగతాది ఇంకా ఎవరికీ తెలియదు అంది.

చదువుకున్న వాళ్లు తెలియదు అంటే నాకు కోపం వస్తుందని ఇవాళే తెలిసింది.

కాపీ అందినట్టు అమ్మా నాన్నా ఇద్దరూ సంతకం పెట్టాలి. నేను పెట్టను అన్నాను. మా ఆయన కూడా పెట్టను అన్నాడు. ఆయన ఎందుకన్నాడో నాకు అర్థం కాలేదు.

మార్చి 27

పని నుంచి తిన్నగా, సంతకం పెట్టాల్సిన ఆ రిపోర్టు ఆఫీసుకు వెళ్లాను. ఎవరికీ చెప్పలేదు.

కౌంటరు వెనక ముసలి గుమాస్తా. మా రిపోర్టు నంబరు చెప్పాను. కాగితం తీసి, ఇదిగో ఇక్కడ సంతకం అన్నాడు. ముందు దీంట్లో కారణం రాయండి, అప్పుడు పెడతాను అన్నాను. ఏం కారణం అన్నాడు. వాడు పోయేటప్పుడు వాళ్లమ్మ తింటోంది అని రాయండి అన్నాను.

ఆయన కళ్లజోడు తీశాడు. తుడిచాడు. పెట్టుకున్నాడు. నాలుగు పేజీలూ తిప్పాడు. పాపం నిజంగానే వెతికాడు. దానికి గడి లేదమ్మా అన్నాడు. పక్కన ఖాళీ ఉంది కదా, అక్కడ రాయండి అన్నాను. పక్కన రాయకూడదు, పక్కన రాస్తే చెల్లదు అన్నాడు. నా వెనక క్యూలో ఒకాయన, ఏదో ఒకటి రాసి పంపవయ్యా, మాకూ పనులున్నాయి అన్నాడు.

అప్పుడే మా ఆయన వచ్చాడు. యూనిఫాంలోనే. రెండు ట్రిప్పుల మధ్య పది నిమిషాలుంటే పరిగెత్తుకొచ్చాడు. నన్ను చూసి ఆగిపోయాడు. నా కోసం రాలేదు. ఆయన పని మీద ఆయన వచ్చాడు. నన్ను పక్కకు జరిపి గుమాస్తాతో, ఈవిడ మాట పట్టించుకోకండి, నా పేరు రాయండి అన్నాడు. వాడికి నిద్ర రాలేదండీ, ఆడుకుంటున్నాడు, కాళ్లు తంతున్నాడు, నాకు డ్యూటీ టైమవుతోందని జోకొట్టి జోకొట్టి బలవంతాన పడుకోబెట్టాను, వాడు ఉండనిమ్మంటే నేనే పంపించాను అన్నాడు.

తప్పు ఈయనది కాదు, నాది అని నేనన్నాను. నువ్వు నోరు మూయి, నువ్వప్పటికి ఇంట్లోకే రాలేదు అన్నాడు. వచ్చాక ఊపిరి ఉందేమో నువ్వు చూశావా అన్నాను. బలవంతాన పడుకోబెట్టింది ఎవరు అని ఆయన. పక్క గదిలో కూర్చుని మెక్కింది ఎవరు అని నేను. సంతలో బేరం దగ్గర కొట్టుకున్నట్టు కొట్టుకున్నాం. క్యూలో ఇందాకటి ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

గుమాస్తా లేచాడు. ఈ కిటికీలో ఇరవై రెండేళ్లు కూర్చున్నాను, నేను కాదంటే నేను కాదని కొట్టుకునే వాళ్లనే చూశాను, నేనంటే నేనని కొట్టుకునే మొగుడూ పెళ్లాలను ఇప్పుడే చూస్తున్నాను అన్నాడు. తలుపు తీసి లోపలికి రమ్మని రెండు స్టూళ్లు వేశాడు. నర్సుకు ఫోను చేశాడు.

ఆవిడ వచ్చే దాకా మేమిద్దరం గోడ కేసి చూస్తూ కూర్చున్నాం. ఇన్నాళ్లూ ఆయన నా మొహం చూడకపోతే నన్ను తప్పు పడుతున్నాడనుకున్నాను. ఆయనేమో నేను ఆయన్ని తప్పు పడుతున్నానని చూడలేకపోయాడట. ఇద్దరం ఒకే మంచం మీద పడుకుని.

నర్సు వచ్చి మా మధ్య నేల మీదే కూర్చుంది. సంచి ఒళ్లో పెట్టుకుంది. పిల్లల్ని జోకొట్టడం తప్పు కాదు బాబూ, ప్రపంచంలో అందరూ జోకొడతారు అంది. నాతో, తిండీ నిద్రా మానేసి పక్కనే కూర్చుని చూస్తుండగా కూడా ఇలాగే జరిగిన తల్లి నాకు తెలుసు, ఆవిడ కూడా తనదే తప్పంటుంది, చూస్తూ కూర్చున్నానని అంది.

అయితే తిన్నా తప్పే, తినకపోయినా తప్పేనా అన్నాను. రెండూ తప్పు కాదమ్మా అంది. ఆ మాట నా తలలోకి వెళ్లడం లేదు. వెళ్లినట్టే వెళ్లి బయటకు వస్తోంది.

ఆయన బస్సు నలభై నిమిషాలు లేటు. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని నడిపాడు. జనం తిడుతుంటే ఆయనకు వినబడలేదు. నాకు బాగానే వినబడింది.

మార్చి 28

సగం గుడ్డు. ఆయన చూస్తూ ఉన్నాడు. దిగింది.

మళ్లీ వచ్చేసింది.

ఏప్రిల్ 5, ఆదివారం

మీటింగుకు వెళ్లాం. ఇలాంటి అమ్మానాన్నల మీటింగు, నెలకొకసారి. లైబ్రరీ పైన ఒక గది. పదకొండు మంది. కుర్చీలు గుండ్రంగా వేశారు. ఒక పక్క బల్ల మీద కాఫీ, బిస్కెట్లు, నోటుబుక్కులు.

ఒకావిడ కూతురు పోయి పందొమ్మిదేళ్లట. నీకెంతమంది పిల్లలని ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఏం చెప్పాలో తెలియదట. ముగ్గురంటే ఎక్కడున్నారంటారు, ఇద్దరంటే అబద్ధం. అందుకని అడిగిన వాళ్లకు మీ జీతమెంత అని ఎదురడుగుతానంది, దెబ్బకు మాట మారుస్తారట. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. నవ్వినందుకు మా ఆయన కేసి భయంగా చూశాను. ఆయనా నవ్వుతున్నాడు. తరవాత ఆ గది గోడలు మా వైపు వచ్చినట్టనిపించి ఇద్దరం మెట్ల మీదకు వెళ్లి కూర్చున్నాం.

నన్నెవరూ మాట్లాడమనలేదు.

ఏప్రిల్ 9

సంతకం పెట్టాం. ముందు ఆయన. తరవాత నేను. నా పేరు రాయడానికి నాకు చాలాసేపు పడుతుంది. అర్థమై పెట్టలేదు. ఒప్పుకునీ పెట్టలేదు. తెలియదు అని వాళ్లు రాసిన దాని కింద, నాకూ తెలియదు అని పెట్టాను. గుమాస్తా సిరా ఆరే దాకా కాగితాన్ని గాలిలో ఊపాడు.

ఏప్రిల్ 15

సంచి నర్సు నిన్న లాండ్రీకి వచ్చింది. ఒక చిన్న పిల్ల ఉంది, ఇరవై ఏళ్లు, బిడ్డ పోయి ఆరు రోజులు, నాతో ఒక్క మాట మాట్లాడటం లేదు, నువ్వు రాగలవా అంది. నేను వెళ్లి ఏం చెబుతాను, నాకే ఏమీ తెలియదు అన్నాను. అదే చాలు అంది. గడియారం సగం రోజు సెలవిచ్చాడు. గోడ కేసి చూడకుండా.

ఇంటి నిండా చుట్టాలు. అందరూ ఆ పిల్ల గురించి ఆ పిల్లకు వినబడేలా గుసగుసలాడుతున్నారు. లోపల గదిలో మంచానికీ గోడకూ మధ్య ఇరుక్కుని కూర్చుంది. దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ మర్చిపోయాను. పక్కన చోటు లేకపోతే ఎదురుగా నేల మీద కూర్చున్నాను. నాకూ ఒక బాబు అన్నాను. మూడు నెలల పదకొండు రోజులు అన్నాను.

చాలాసేపటికి ఆ పిల్ల నోరు విప్పింది. అప్పుడు మీరేం చేస్తున్నారక్కా అని అడిగింది.

ఇన్నాళ్లలో ఒక్కరూ నన్నది అడగలేదు.

తింటున్నాను అన్నాను. రెండోసారి వడ్డించుకున్నాను. ఇంకాసేపు లేవకపోతే బావుణ్ను అనుకున్నాను.

ఆ చివరి మాట బయటకు అన్నది ఇదే మొదటిసారి. మా ఆయనకు కూడా అది చెప్పలేదు. గోడలేమీ కూలలేదు.

ఆ పిల్ల నా కేసి చూసింది. నేను ఫోన్లో ఉన్నానక్కా అంది. స్నేహితురాలితో. పాప లేస్తుందని దిండు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వాను అంది. అంత నవ్వొచ్చే మాటేమిటో కూడా ఇప్పుడు గుర్తులేదట.

నీ తప్పేం లేదు అనబోయాను. ఎంత సులువుగా వచ్చేసిందో నోటి దాకా. నిజంగానే ఆ పిల్ల తప్పు ఏమీ లేదు. నవ్వితే ఏమిటి? ఇరవై ఏళ్ల పిల్ల నవ్వదా? అది నాకు పట్టపగలంత తేటగా కనబడింది. మరి నా సంగతి వచ్చేసరికి ఎందుకు కనబడదు? తికమకగా ఉంది. ఇప్పటికీ తికమకగానే ఉంది. కాసేపాగి పైకే అన్నాను. ఆ పిల్ల, మీదీ కాదు కదక్కా అంది. ఇద్దరం ఒకరికొకరం చెప్పుకున్నాం గానీ ఎవరిది వాళ్లం పుచ్చుకున్నామో లేదో తెలియదు.

ఎవరో కంచం తెచ్చి పెట్టి వెళ్లారు. ఆ పిల్ల కాలితో జరిపేసింది. నేను ఇంకో స్పూను అడిగాను. ఆ పిల్ల చేత తినిపించడానికి కాదు. నాకు ఆకలేసింది. ముందు నేను ఒక స్పూను తిన్నాను. మా ఇద్దరి మధ్య కంచం నేల మీద. కాసేపటికి ఖాళీ అయింది. ఎవరు ఎంత తిన్నారో నేను చూడలేదు.

ఏప్రిల్ 16

ఈ పుస్తకాన్ని లైబ్రరీ పైన మీటింగు గదిలో, బల్ల మీద పెట్టేస్తున్నాను. మా ఆయన చదివాడు. మొత్తం. పెట్టెయ్యి అన్నాడు.

మీరెవరో నాకు తెలియదు. ఏమైతే ఆ గదికి వస్తారో అది తెలుసు. ఎందుకు జరిగిందో ఇందులో ఉంటుందేమోనని చివరి పేజీకి వచ్చి ఉంటారు. లేదు.

వేళ దాటిపోతుంది. లేచి ఏమైనా పెట్టుకుని తినండి. కూర్చుని తినండి. కడుపు నిండా తినండి.